తాళం పడ్డ ఇంటి ముందు ముగ్గు

తెనాలి,
2011 సెప్టెంబరు 4

చిరంజీవి యాదలక్ష్మికి టీచరమ్మ ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. మోకాలి ఆపరేషను వచ్చే వారం. మా తమ్ముడు రామమోహనరావు ఇల్లంతా నా కోసం సర్దేశాడు. మరదలు ఉదయలక్ష్మి కాఫీ గ్లాసుతో పాటు ఉపదేశం కూడా ఇస్తుంది. నాకు చెవులు వినపడవని ఈ ఇంట్లో అందరూ మర్చిపోతారు. నేను గుర్తు చెయ్యను. తలూపితే సరిపోతుంది.

ఫోన్ చెవికి పెట్టుకుంటే నాకు ఈగ ముసిరినట్టు ఉంటుంది తప్ప ఒక్క మాట తెలియదు. నీ సెల్లేమో రిపేరుకిచ్చానన్నావు. అంచేత ఉత్తరాలే. నలభయ్యో ఏట నా దగ్గర కూచుని టెన్త్ కట్టి పాసైన దానివి, వ్యాసం రాసినట్టు చక్కగా రాయి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపుతాను.

అసలు సంగతి మళ్లీ చెప్తున్నాను. ఇంటికి తాళం పడిందని వీధిలో తెలియకూడదు. గేటు తాళంచెవి నీ దగ్గరుంది. పొద్దున్నే గేటు ముందు నీళ్లు చల్లి ముగ్గెయ్యి. ముగ్గు లేని వాకిలి, ఇంట్లో ఎవరూ లేరని ఊరందరికీ చెప్పేస్తుంది. సాయంత్రం వరండా లైటెయ్యి. పడుకునే ముందు ఆర్పు. లోపలి తాళంచెవి నాతో తెచ్చుకున్నాను కనక నీకు లోపలి పనేమీ లేదు.

మొన్న పార్కులో మీటింగు పెట్టినప్పుడు ఆ ఎస్సై అబ్బాయి ఏం చెప్పాడు? ఊరెళ్లేటప్పుడు స్టేషన్‌లో ఒక మాట చెప్పి వెళ్లండి, మా వాళ్లు తిరిగేటప్పుడు ఒక కన్నేసి ఉంచుతారు అన్నాడు. ఆడవాళ్లందరి చేతా అప్పజెప్పించింది నేనే. ప్రమాదం ఇప్పుడు జరుగుతుంటే వందకి ఫోను. ముందు ఎక్కడో చెప్పు, తర్వాత ఏం జరుగుతోందో చెప్పు, ఆపైన నువ్వెవరో చెప్పు. జరిగిపోయిందైతే స్టేషన్‌కి వెళ్లు. ఉత్త అనుమానమైతే బీటు కానిస్టేబుల్‌కి చెప్పు. అంతా చెప్పించి, తీరా నేను ఊరెళ్లేటప్పుడు స్టేషన్ గడప తొక్కలేదు. రోజులు బాగాలేవు అక్కా, ఆంధ్రావాళ్ల ముసలావిడ ఇల్లు ఖాళీ అని నువ్వే చాటింపు వేస్తావా అని మా తమ్ముడు కోప్పడ్డాడు. నిజమే అనిపించింది. నువ్వున్నావుగా.

హనుమాయమ్మ


కొత్తపేట, హైదరాబాద్,
2011 సెప్టెంబరు 17

పూజ్యులైన టీచరమ్మ గారికి యాదలక్ష్మి నమస్కారాలు.

ఆపరేషను బాగా జరిగిందనుకుంటాను. ఇక్కడ సకల జనుల సమ్మె మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో సోమవారం నుంచి బస్సు అన్నది కనపడదట. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. మా ఆయన ఆటో తీయడం లేదు. రోడ్డు మీద వంటలు చేసి అక్కడే బంతి భోజనాలు పెడుతున్నారు, నేనూ రొట్టెలు చేసి ఇచ్చాను. మా అబ్బాయి సాయికుమార్ ఊళ్లో మా అన్న దగ్గర ఉన్నాడు.

ఇక మీ ఇంటి విషయం. అడగకూడదనుకుంటూనే అడుగుతున్నాను. మీరు ఇంకెవరికైనా చెప్పి వెళ్లారా?

మీరు వెళ్లిన మరునాడు తెల్లవారగానే చీపురు, బకెట్టు పట్టుకుని వచ్చాను. అప్పటికే ముగ్గు వేసి ఉంది. ఎవరో పక్కింటి పిల్లలు సరదాకి వేశారనుకున్నాను. తర్వాత రోజు కూడా అంతే. ఒక రోజు కోడి కూసే వేళకే లేచి వచ్చాను. ముగ్గు అప్పుడే వేసినట్టుంది, తడి ఆరలేదు. మనుషులు లేరు. మీరు వేసే చుక్కల ముగ్గు కాదది. ఆవుపేడతో సాంపి చల్లి, మా ఊళ్లో ముసలోళ్లు వేసే చక్రం ముగ్గు. మా అమ్మ పోయాక అట్లాంటిది నేను చూడలేదు.

వరండా లైటు కూడా రెండుసార్లు నేను రాకముందే వెలుగుతోంది. మొన్న ముందు గది కిటికీ తెర ఒక పక్కకి జరిగి ఉంది. మీరు వెళ్లేటప్పుడు మూసే ఉంది, నాకు బాగా గుర్తు.

మీకు నా మీద నమ్మకం చాలక మీ వాళ్లెవరికైనా తాళంచెవి ఇచ్చి ఉంటే చెప్పండి. నేను తప్పుకుంటాను. ఇరవై ఏళ్లు గోడకి గోడ ఉన్నాం. మాట మటుకు చెప్పి ఉంటే బాగుండేది.

మీ విద్యార్థిని
యాదలక్ష్మి


తెనాలి,
2011 సెప్టెంబరు 24

యాదలక్ష్మికి,

నీ ఉత్తరం రైళ్లు ఆగీ ఆగీ నిన్న చేరింది. చదివి రాత్రి అన్నం సహించలేదు.

నేను ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తాళంచెవి ఇవ్వలేదు. అది ఇదిగో నా తలగడ కింద ఉంది. నీ మీద నమ్మకం లేకపోతే ఆ ఇల్లు వదిలి ఇక్కడ మోకాలు కోయించుకునేదాన్నా?

కానీ నువ్వు కూడా నాతో నిజం చెప్పు. పోయిన ఎండాకాలం నుంచీ నేను లేచేసరికే నా వాకిట్లో అప్పుడప్పుడు ముగ్గు ఉంటూనే ఉంది. పెద్దదాన్ని, మోకాళ్ల నొప్పి, యాదలక్ష్మి పాపం తనే వేసి వెళ్తోంది అనుకున్నాను. చెప్తే నువ్వు మొహమాటపడతావని నోరెత్తలేదు. ఇప్పుడు నువ్వు కాదంటున్నావు. అయితే ఎవరు? నేను ఇంట్లో ఉండగానే వచ్చి వేసిపోయే మనిషి ఎవరు?

మా తమ్ముడికి నీ ఉత్తరం చూపించడం నా బుద్ధితక్కువ. ఖాళీ ఇళ్లకి ఏదో గుర్తు పెడుతున్నారని వాడు ఎక్కడో విన్నాడట. ముందు ముగ్గేస్తారు, తర్వాత తెర జరుపుతారు, ఆపైన సామాను దింపుతారు, నువ్వు వెళ్లేసరికి ఇల్లు వాళ్లదై ఉంటుంది, వచ్చిన బేరానికి అమ్మెయ్యమంటున్నాడు. నమ్మాలని లేదు. అయినా భయం భయమే. మీ వాళ్లలో ఎవరికైనా ఆ ఇంటి మీద కన్నుందేమో కాస్త కనుక్కో.

పోలీసులకి చెప్పమందామని కలం పట్టుకుని ఆగిపోయాను. ఏమని చెప్తావు? ఎవరో మా ఇంటి ముందు ముగ్గేస్తున్నారు, వచ్చి పట్టుకోండి అంటే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా కష్టం. వీధిలో నలుగురు కుర్రాళ్లని జీపెక్కిస్తారు. ఆ ఆంధ్రా టీచరు పోలీసుల్ని పిలిపించింది అంటారు. రేపు ఆ వీధిలోనే నేను పాలప్యాకెట్టు కొనుక్కోవాలి కదా. స్టేషన్‌కి వెళ్లకు. జాగ్రత్తగా చూస్తూ ఉండు చాలు.

హనుమాయమ్మ


కొత్తపేట,
2011 సెప్టెంబరు 30

టీచరమ్మ గారికి,

'మీ వాళ్లు' అని రాశారు. మా వాళ్లంటే ఎవరమ్మా? మీ వంటింట్లో కూచుని లెక్కలు నేర్చుకున్న నేనా? మీరు ఫీజు కట్టి కాలేజీకి పంపిన సాయికుమారా?

దాచింది ఒకటుంది, చెప్తాను. సాయి మీద కేసుంది. మార్చి నెలలో ట్యాంక్‌బండ్ కాడికి వెళ్లిన పిల్లల్లో వాడూ ఉన్నాడు. జులైలో పోలీసులు ఇంటికి వచ్చి నా సెల్లు తీసుకుపోయారు. రిపేరు లేదు, ఏం లేదు. వాడెక్కడున్నాడని ఎవరడిగినా తెలియదనే చెప్తున్నాను. అటువంటిదాన్ని స్టేషన్‌లో అడుగుపెట్టి పేరూ ఊరూ ఎట్లా చెప్పను? మీరు వెళ్లొద్దన్నది ఒక విధంగా నాకు మంచిదే అయింది.

కానీ ఎవరికో ఒకరికి చెప్పక తప్పని స్థితి వచ్చింది. విన్నది విన్నట్టు రాస్తాను.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దున మీ తులసికోట ముందు చిన్న బతుకమ్మ పేర్చి ఉంది. తంగేడు పూలు, గునుగు పూలు, పైన పసుపు గౌరమ్మ. గేటు తాళం వేసే ఉంది. ఇంట్లోకి సామాను దింపేవాళ్లు గౌరమ్మని చేస్తారా? ఆ మధ్యాహ్నం కరెంటు పోయి, ఫ్యాన్లు ఆగి, వీధంతా సద్దుమణిగింది. అప్పుడు మీ గోడ అవతల చప్పుడు వినపడింది. చల్ల చిలికే చప్పుడు. కవ్వం తిరిగినట్టు, ఆగి మళ్లీ తిరిగినట్టు. గోడకి చెవి పెట్టాను. నేను చెవి పెట్టగానే ఆగింది.

ఆ సాయంత్రమే మన బీటు కానిస్టేబుల్ రామస్వామి కిరాణా కొట్టు కాడ నిలబడి ఉంటే వెళ్లి చెప్పాను. నా పేరు చెప్పలేదు. మీరు తెనాలి పోయారని, ఇల్లు ఖాళీ అని కూడా చెప్పలేదు. ఇల్లు ఖాళీ అని ఎవరికీ తెలియకూడదన్నారు కదా. 'ఆ టీచరమ్మ ఇల్లు జర చూసి రా తమ్మీ, నాకెందుకో మంచిగ అనిపిస్తలేదు' అన్నాను, అంతే.

మరునాడు అతనే కనపడి ఏమన్నాడో వినండి.

'ఏందక్కా, ఊకె పరేషాన్ చేస్తవ్. ఆమె ఇంట్లనే ఉన్నది కద. కిటికీ కాడ నిలబడ్డది. బక్కగ, నీలం అంచు తెల్లచీర కట్టుకున్నది. మంచిగున్నరా అమ్మా అని అడిగితే తలూపింది. ఏందో చెప్పింది గని నాకు సమజ్ గాలే. పెద్దమనిషి, ఒక్కతే ఉంటది, జర చూసుకుంట ఉండు.'

కొట్టతను కూడా అదే అన్నాడు. టీచరమ్మ రోజూ కిటికీలో కనిపిస్తోంది, చెయ్యూపితే చెయ్యూపుతోంది, చెవులు వినపడవు కదా అని మేం పలకరించడం లేదు అన్నాడు. వీధిలో అందరూ మిమ్మల్ని చూస్తూనే ఉన్నారు. చూడనిదాన్ని నేనొక్కదాన్నే.

అమ్మా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆపరేషను బాగా జరిగిందా? మీరు బతికే ఉన్నారా? మీ చేత్తో ఒక్క ముక్క రాయండి. ఇంకెవరి చేతా రాయించకండి.

నాకు భయమై, మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక సందులోకి వెళ్లి చూశాను. మీ వెనక తలుపుకి తాళం ఉంది కానీ నొక్కి లేదు, ఉత్తగా వేలాడుతోంది. అది తీసేసి మా కొత్త తాళం వేశాను. లోపలికి తొంగి చూసే ధైర్యం లేకపోయింది. గేటుకి కూడా ఇంకో తాళం వేశాను. ట్యాంకుకి నీళ్లెక్కే వాల్వు కట్టేశాను. సద్దుల బతుకమ్మకి రేపు జీపులో ఊరికి పోతున్నాం. లోపల ఏది ఉన్నా, మేం వచ్చేదాకా లోపలే ఉంటుంది.

యాదలక్ష్మి


తెనాలి,
2011 అక్టోబరు 5

యాదలక్ష్మీ,

బతికే ఉన్నాను. ఈ వంకర అక్షరాలు నావే, కూచోవడానికి వీల్లేక ఇలా వచ్చాయి. ఈ ఉత్తరం నువ్వు ఊరి నుంచి వచ్చాక చూస్తావని తెలుసు. అయినా రాయకపోతే నాకు తోచదు.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. మొదటిసారి చదివినప్పుడు చీర దగ్గర ఆగిపోయాను. నీలం అంచు తెల్లచీర బీరువాలోనే పెట్టి వచ్చాను. రెండోసారి చదివినప్పుడు వెనక తలుపు దగ్గర ఆగిపోయాను. ఆ తాళం నొక్కకుండా వేలాడదీయడం నా అలవాటే. తాళంచెవి పోయి ఏళ్లయింది. చూసేవాళ్లకి తాళం ఉన్నట్టుంటే చాలనుకునేదాన్ని. నీకు చెప్పడం మర్చిపోయాను.

దయ్యానికి వెనక తలుపు అక్కర్లేదు, యాదలక్ష్మీ. కట్టుకోవడానికి చీర అక్కర్లేదు. కానిస్టేబుల్ చూసింది మనిషిని. ఎవరో ముసలావిడ నా ఇంట్లో ఉంది. ఆ మనిషిని లోపల పెట్టి నువ్వు తాళం వేసి, నీళ్లు కట్టేసి, ఊరెళ్లిపోయావు. బయట వీధంతా ఆవిణ్ణి నేననుకుని చెయ్యూపుతోంది. ఆవిడ తలుపు తియ్యమని చెయ్యూపినా, బాగున్నాననే అనుకుంటారు.

రామమోహనరావు ఇంట్లో లేడు. ఉండి ఉంటే ఇంకో గంట వాదనకే పోయేది. నేనే లేచి గోడ పట్టుకుని ఫోను దగ్గరికి వెళ్లి వంద కొట్టాను. నీకు నవ్వొస్తుంది, తెనాలిలో కొడితే తెనాలి పోలీసులే ఎత్తుతారని నాకు తట్టలేదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఉదయలక్ష్మి పరుగున వచ్చి ఫోను లాక్కుని విని, హైదరాబాద్ స్టేషన్ నంబరు వాళ్ల దగ్గరే తీసుకుని, అది నొక్కి నా చేతికిచ్చింది. తను చెప్తానంది. నేనే చెప్తానన్నాను. ఇల్లు నాది, దాచింది నేను.

చెవికి ఏమీ తెలియదు. అటువైపు మనిషి ఉన్నాడో లేడో తెలియదు. ఉత్త గాలితో మాట్లాడుతున్నట్టు ఉంది. పార్కులో మీ అందరి చేతా అప్పజెప్పించిన వరసలోనే చెప్పాను. ముందు ఇల్లెక్కడో చెప్పాను. లోపల ఒక ముసలావిడ ఉంది, బయట తాళం వేసి ఉంది, నీళ్లు లేవు, ఇప్పుడే వెళ్లండి అన్నాను. నేను హనుమాయమ్మని, ఆ ఇల్లు నాది, నేను తెనాలిలో ఉన్నాను, కిటికీలో ఉన్నది నేను కాదు అన్నాను. మళ్లీ మొదటికి వచ్చాను. అదే మళ్లీ చెప్పాను. ఉదయలక్ష్మి రెండో ఫోనులో వింటూ నా మొహంలోకి చూస్తోంది. అది తలూపేదాకా ఆపకూడదనుకున్నాను. గొంతు బొంగురుపోయింది. కిటికీలో ఉన్నది నేను కాదు అన్న మాట ఎన్నిసార్లు అన్నానో. అనగా అనగా అది నాకే నమ్మకం లేని మాటలా అయిపోయింది.

చివరికి తలూపింది. బండి బయల్దేరిందని వేళ్లతో చూపించింది. ఆపైన కబురు లేదు.

సాయికుమార్ సంగతి నాకు ముందే చెప్పి ఉంటే నిన్ను ఆ అవస్థలో పెట్టేదాన్ని కాదు. 'మీ వాళ్లు' అన్న మాట కొట్టేసినట్టు చదువుకో. ఎర్ర సిరాతో దిద్దవలసింది నన్నే.

హనుమాయమ్మ


కొత్తపేట,
2011 అక్టోబరు 10

అమ్మా,

మనిషి బతికింది. ముందు అది చెప్పి తర్వాత మిగతాది రాస్తాను.

దసరా అయిన మరునాడు మేం వచ్చేసరికి మీ గేటు తాళం పగిలి ఉంది. కొట్టతనూ, రామస్వామీ కలిసి చెప్పారు.

మీ ఫోను వచ్చిన రోజే పోలీసులు వచ్చి పగలగొట్టారు. లోపల గదుల్లో నడవడానికి చోటు లేదట. నేల నిండా ముగ్గులు. మీ డబ్బాలో బియ్యప్పిండి అంతా తీసి, ముందు గది నుంచి వంటింటి దాకా వేసింది. వాకిలికి పోనివ్వకపోతే వాకిలిని లోపలికి తెచ్చుకుంది కాబోలు. ఒక ముగ్గు మీద ఇంకో ముగ్గు, దాని మీద ఇంకోటి. వెనక తలుపు దగ్గర మటుకు ముగ్గంతా చెరిగిపోయి ఉంది, అక్కడ తలుపు గీకిన గుర్తులున్నాయి. అది నేను నా కళ్లతో చూశాను. నా తాళం అవతలి వైపు ఎట్లా ఉందో చూడవలసిందే అనుకుని చూశాను.

ఆమె తులసికోట వైపు కిటికీ కింద కూచుని ఉందట. పక్కన కుండ, కవ్వం. కుండలో ఉత్త నీళ్లు. అడుగున ఇంత మిగిలాయి. తాగకుండా చిలుకుతోంది. పోలీసుల్ని చూసి, 'గింత ఆలస్యమైతె ఎట్ల బిడ్డా, పెరుగు పుల్లగైతది' అన్నదట.

అప్పుడు కొట్టతను గుర్తుపట్టాడు. మన పెరుగు ఈరమ్మ. మీరు ఇల్లు కట్టుకున్న కొత్తలో గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది, యాదికుందా? ఈ కాలనీ పడక ముందు ఇక్కడ వాళ్ల ద్రాక్షతోట ఉండేది. మీ ఇల్లున్న జాగాలోనే వాళ్ల కొట్టం. ప్లాట్లు అమ్మేశాక కొడుకు అంతయ్య బాలాపూర్‌లో ఇల్లు కట్టాడు. కూతురు నాగోల్‌లో ఉంటుంది. కొన్నాళ్లుగా ఈరమ్మకి మతి నిలవడం లేదు. అక్కడున్నదని ఇక్కడ, ఇక్కడున్నదని అక్కడ అనుకున్నారు. బస్సులు లేవు కనక రాలేకపోయింది అనుకున్నారు. మధ్యలో తన కొట్టానికి వస్తూ పోతూ ఉందని ఎవరికి తెలుసు?

అంతయ్య దవాఖానలో తల పట్టుకుని కూచున్నాడు. నేను అడిగాను, పోలీసులకి ఒక్కమాట చెప్పకపోయావా అని. 'ఏమని చెప్పాలె అక్కా? మా అవ్వ ఇంట్ల ఉంటలేదంటె కొడుకు అన్నం పెడ్తలేడంటరు. ఇజ్జత్ పోతదని ఊకున్న' అన్నాడు. నేను ఊకున్నది నా కొడుకు కోసం, మీరు ఊకున్నది వీధి కోసం.

నా తాళం సంగతి నేనే స్టేషన్‌కి వెళ్లి చెప్పాను. పేరుతో సహా. ఎస్సై గారు రాసుకుని, మీరు ఆ రోజు ఇల్లు ఖాళీ అని చెప్పి ఉంటే మా వాడు కిటికీలో చూసి తిరిగి వచ్చేవాడు కాదు కదా అన్నారు. సాయి గురించి అడుగుతారని గుండె గట్టి చేసుకుని వెళ్లాను. అడగలేదు. నేనే చెప్పాను. వాడిని వకీలుతో తీసుకొచ్చి అప్పజెప్తానని. ఇట్లా దాచుకుంటూ నేను బతకలేనమ్మా.

ముగ్గులు కడగలేదు. మీరు వచ్చి చూశాక కడుగుతాను.

యాదలక్ష్మి


కొత్తపేట,
2011 నవంబరు 27

యాదలక్ష్మీ,

చేతికర్ర టకటకలాడించుకుంటూ ఇంటికి వచ్చాను. ఆ చప్పుడు నాకు వినపడదు కనక బాధలేదు. నువ్వు సాయి బెయిలుకి పూచీ పెట్టేవాళ్ల కోసం భువనగిరిలో మీ అన్న దగ్గర ఉన్నావు, కాబట్టి గోడవతలికి ఉత్తరం రాయలేక అక్కడికే రాస్తున్నాను. ఇల్లు అమ్మనని మా తమ్ముడికి చెప్పేశాను. కోపంగా ఉన్నాడు, తగ్గుతుంది.

ముగ్గులు చూశాను. కడగలేకపోయాను. నెమ్మదిగా కాళ్లకి అంటుకుంటూ అవే పోతున్నాయి.

మేడ మీద పాత సామాన్ల గదిలోకి వెళ్లాను. కర్రతో మెట్లెక్కడం డాక్టరు వద్దన్నాడు, నేను వినలేదు. అక్కడ చాప పరిచి ఉంది. నేనెవరికో ఇచ్చేశాననుకున్న చీరలు మడత పెట్టి ఉన్నాయి. పెరుగు గిన్నె తరిగిపోతే పిల్లి అనుకునేదాన్ని, ఆ గిన్నె మూత అక్కడుంది. మెట్ల మలుపులో గాలికోసం వదిలిన కంత ఉంది చూడు, దాని ముందు నా పీట వేసి ఉంది. దాని మీద కూచుని చూశాను. సూటిగా నా మంచం కనిపిస్తుంది.

భయం వేసింది. ఎందుకు అబద్ధం చెప్పాలి? ఎండాకాలం నుంచీ ఒక మనిషి అక్కడ కూచుని నేను నిద్రపోవడం చూసింది. నా వెనక నడిచింది. నా వంటింట్లో అన్నం తింది. పక్కన నిలబడి మాట్లాడినా నాకు తెలియదు. ఆ సాయంత్రం దీపం పెట్టాక నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను.

నిన్న రామస్వామి వచ్చాడు. మొహం చిన్నబుచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను పెదవులు చూసి మాట తెలుసుకుంటానని ఎవరో చెప్పినట్టున్నారు, ఎదురుగా కూచుని ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. ఆ రోజు కిటికీ దగ్గర ఈరమ్మ ఏదో చెప్పింది, నాకు అర్థం కాలేదు అన్నాడు చూడు. అర్థం కాకపోవడం కాదు, విని లెక్కచెయ్యలేదట. ఆవిడ చెప్పింది ఇది.

'నేను మంచిగనే ఉన్న బిడ్డా. మా ఇంట్ల ఇంకొక ముసలామె ఉంటుండె. చెవులు వినరావు ఆమెకు. ఎన్నిసార్లు పిలిచినా పలకకపోతుండె. శాన దినాల సంది కనిపిస్తలేదు. ఒక్కతే పాపం, యాడ పడ్డదో. జర దేవులాడుండ్రి.'

యాదలక్ష్మీ, పోలీసులకి ఎప్పుడు చెప్పాలో వీధందరికీ పాఠం చెప్పినదాన్ని నేను. మనలో ఒక్కరమూ వేళకి సరిగ్గా చెప్పలేదు. మతిలేని మనిషి చెప్పింది. ఎక్కడో, ఏం జరిగిందో, ఎవరు కనిపించడం లేదో, అన్నీ చెప్పింది. వెతకమన్నది తన కోసం కాదు, నా కోసం. నువ్వు తప్ప, కాలనీ మొత్తంలో నేను లేనని తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

చదువు చెప్పిన నోటితో నేనావిణ్ణి ఎన్నాళ్లు పలకరించకుండా ఉన్నానో తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

ఇవాళ ఆటో మాట్లాడుకుని బాలాపూర్ వెళ్లాను. అంతయ్య వరండాలో కుర్చీ వేశాడు. ఈరమ్మ గోడకి ఆనుకుని ఎండలో కూచుని ఉంది. ముందుకంటే కోలుకుంది. నేను ఎదురుగా కూచుని, నాకే వినపడని గొంతుతో, ఈరమ్మా, నేను దొరికాను అన్నాను.

గుర్తుపడుతుందని అనుకోలేదు. చెయ్యి చాచి నా మోకాలి కట్టు తడిమింది. పెదవులు కదిలాయి. అంతయ్య చెప్పబోయాడు, వద్దన్నాను. నేనే చూశాను.

'ఇంకోపారి ఊరికి పోతె, చెప్పి పో' అంది.

చెప్పి వెళ్తానన్నాను.

హనుమాయమ్మ